మడతబండితో మొదటి మజిలీ

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇవాళ నేను చెప్పబోయేది మన వీధుల్లో కనిపించని ఒక బండి సంగతి. "మన ఊళ్ళో లేనిదాని గొడవ మనకెందుకమ్మా?" అంటారేమో. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళు మనలో ఎన్ని లేవు! పురుడు పొయ్యడానికో, మనవల్ని చూసుకోవడానికో మనం విమానం ఎక్కుతూనే ఉన్నాం. కొత్తగా పెళ్ళయి అక్కడికి కాపరానికి వెళ్ళబోయే అమ్మాయిలూ ఈ కార్యక్రమం వింటూ ఉంటారు. అక్కడ వేసవి సెలవులు వచ్చాయంటే సంసారాలకు సంసారాలు కొండలకీ, సరస్సులకీ బయల్దేరతాయి. అలాంటి ప్రయాణాలకి చాలామంది కొనుక్కునేది ఫోల్డింగ్ కేంపర్. అక్కడి వాడుకలో 'పాప్ అప్' అంటారు. మా అమ్మాయి ఫోన్లో "అమ్మా, పాప్ అప్ కొన్నామే" అంటే, "పోపులపెట్టె అక్కడ కూడా దొరుకుతోందా?" అన్నాను నేను! చివరికి మా ఇంట్లో దానికి మడతబండి అని పేరు స్థిరపడింది.

మడిచి ఉన్నప్పుడు అది రెండు చక్రాలమీద నడుమెత్తు పెట్టె. కారు వెనక తగిలించి లాక్కుపోతారు. దిగవలసిన చోటు చేరాక ఒక హేండిలు తిప్పితే పైకప్పు లేస్తుంది. ముందొకటి, వెనకొకటి సొరుగుల్లాగా రెండు మంచాలు బయటికి వస్తాయి. చుట్టూ కేన్వాసు గోడలు, దోమతెర కిటికీలు. లోపల చిన్న స్టవ్వు, సింకు, తినడానికి బల్ల. నలుగురైదుగురు సుఖంగా పడుకోవచ్చు. గుడారంలోలాగా నేలమీద పడుకునే బాధ లేదు, పెద్ద ట్రెయిలరుకయ్యే ఖర్చూ లేదు. చూడ్డానికి ఎంతో సులువు. కొత్తగా కొన్నవాళ్ళు పప్పులో కాలు వేసేది ఆ సులువు చూసే.

మా సంగతే చెబుతాను. మా అమ్మాయి వాళ్ళుండేది పిట్స్‌బర్గు దగ్గర. 1970లలోనే వేంకటేశ్వరస్వామి గుడి వెలిసిన ఊరు అది. మా అల్లుడు ఒక శుక్రవారం మధ్యాహ్నం మడతబండిని సెకండుహేండులో కొని తెచ్చాడు. ఆ సాయంత్రమే బయల్దేరాం. చోటు చేరేసరికి చీకటి పడింది, చినుకులు మొదలయ్యాయి. అల్లుడు గబగబా కారునుంచి బండిని విడదీశాడు. కప్పు లేపాడు, మంచాలు లాగాడు. పిల్లలు తడుస్తున్నారని మా అమ్మాయి వాళ్ళిద్దరినీ తీసుకుని వెనకవైపు మంచమెక్కింది. అంతే! బండి ముందుభాగం గాలిలోకి లేచి, వెనకభాగం ధనామని నేలకి కొట్టుకుంది. పెద్దవాడికి ఏమీ కాలేదు. చిన్నవాడి గడ్డం బల్ల అంచుకి తగిలి చిట్లింది. మొదటి రాత్రి మేము గడిపింది సరస్సు ఒడ్డున కాదు, ఆసుపత్రిలో. నాలుగు కుట్లు పడ్డాయి.

ఎందుకలా జరిగింది? మనం ఎడ్లబండి ఎరిగినవాళ్ళమే. ఎడ్లను విప్పేసిన బండిలో వెనకవైపు ఎక్కితే నొగ ఆకాశానికి లేస్తుంది. ఇదీ అంతే. ఒకే ఇరుసుమీద ఉన్న పెట్టె కనుక, నాలుగు మూలల్లోనూ మడిచి ఉన్న ఇనుపకాళ్ళు దించితేగాని నిలకడ ఉండదు. మంచాల కింద ఊతకమ్మీలు పెడితేగాని మంచం బరువు ఆగదు. ఈ సంగతులు అల్లుడికి తెలియకపోలేదు. తొందరలో వరుస తప్పింది. ఈ బండికి ఆ వరుసే ప్రాణమమ్మా! మిగతావన్నీ దాని తరవాతే.

సరే, మొదటినుంచీ వద్దాం. సెకండుహేండుది కొనేటప్పుడు మడిచి ఉన్న పెట్టె చూసి డబ్బివ్వకూడదు. మీ కళ్ళముందే మొత్తం విప్పించి, మళ్ళీ మూయించి చూడండి. విప్పగానే లోపలికి వెళ్ళి వాసన చూడాలి. ఈ పరీక్ష మనకన్నా బాగా ఇంకెవరు చెయ్యగలరు! ముక్కవాసన వేస్తే నీళ్ళు దిగుతున్నట్టు. కప్పు మూలల్లో గోధుమరంగు మరకలున్నాయా, నేలమీద అడుగు వేస్తే ఎక్కడన్నా మెత్తగా దిగుతోందా చూడాలి. మెత్తబడిందంటే అడుగున చెక్క పుచ్చిందన్నమాట. కేన్వాసుమీద నల్లచుక్కలుంటే అది బూజు. అది పోవడం కల్ల.

టైర్లు కొత్తగా మెరుస్తున్నాయని మోసపోవద్దు. బండి ఏడాదిలో చాలాభాగం కదలకుండా ఉంటుంది. అందుకని పైన గాళ్ళు అరగకపోయినా లోపల రబ్బరు ముసలిదైపోతుంది. టైరు పక్కన అచ్చుపోసిన అక్షరాల చివర నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరంలో 23వ వారంలో తయారైందని అర్థం. ఐదారేళ్ళు దాటితే మార్పించడమే మంచిది. ఇరుసు బేరింగులకి ఏడాదికోసారి కందెన కొత్తది పెట్టించాలి.

కొన్నాక వెంటనే ప్రయాణం కట్టకండి. ముందు ఇంటి ఆవరణలోనే పట్టపగలు రెండుమూడుసార్లు విప్పి, మూసి అలవాటు చేసుకోవాలి. ఒక రాత్రి అందులోనే పడుకోండి. దీపం ఎక్కడ లేదో, ఏ కిటికీ జిప్పు పట్టెయ్యడం లేదో, అర్ధరాత్రి పిల్లాడు మంచినీళ్ళడిగితే చెంబెక్కడ పెట్టుకోవాలో అన్నీ తెలిసిపోతాయి. అపార్టుమెంటులో ఉండేవాళ్ళు ఇంటికి దగ్గర్లో ఉన్న కేంపుగ్రౌండుకే మొదట వెళ్ళాలి. ఏదన్నా మరిచిపోయినా అరగంటలో వెళ్ళి తెచ్చుకోవచ్చు.

కేన్వాసు నూలుదై, కొత్తదైతే, ఇంకో చిన్న పని ఉంది. గొట్టంతో నీళ్ళు కొట్టి బాగా తడిపి, విప్పి ఉంచే ఆరబెట్టాలి. తడికి నూలు ఉబ్బి కుట్టు దగ్గర సూదిబెజ్జాలు పూడుకుంటాయి. ఇది చెయ్యకుండా వెళితే మొదటి వానకే కుట్లవెంట నీళ్ళు కారి, "కొత్తబండి కారుతోందే!" అని లబలబలాడాలి.

ఇక విప్పే వరుస. మా అల్లుడు ఆసుపత్రినుంచి వచ్చాక తను ఇంగ్లీషులో చెబుతుంటే నేను తెలుగులో అట్టమీద రాశాను. అదే చదువుతాను, కాగితం పెన్సిలు ఉంటే రాసుకోండి.

1. చోటు చూడాలి. పైన ఎండుకొమ్మలు ఉండకూడదు, కింద నీళ్ళు నిలిచే పల్లం కాకూడదు.

2. బండి కారుకి తగిలించి ఉండగానే పక్కలకి మట్టం చూడాలి. తాపీమేస్త్రీ వాడే రసమట్టమే చాలు. పల్లంగా ఉన్న చక్రం కింద పలక వేసి ఎక్కించాలి.

3. చక్రాలకి ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టాలి.

4. అప్పుడు కారునుంచి విడదీసి, నొగకింద జాకీతో ముందువెనకలు మట్టం చెయ్యాలి.

5. నాలుగు మూలలా కాళ్ళు దించాలి. ఇవి కదలకుండా ఉంచడానికేగాని, వీటితో బండిని ఎత్తి మట్టం చెయ్యకూడదు. చట్రం వంకరపోతుంది.

6. కప్పు గొళ్ళేలు అన్నీ విప్పాలి. ఆ తరవాతే హేండిలు తిప్పాలి. ఒక్క గొళ్ళెం మరిచి తిప్పినా కప్పు మెలిపడుతుంది.

7. మంచాలు లాగి, వెంటనే ఊతకమ్మీలు పెట్టాలి.

8. కేన్వాసు తగిలించి, తలుపు బిగించాలి.

9. పిల్లలు లోపలికి రావడం అన్నిటికన్నా చివర.

మూసేటప్పుడు ఇదే కిందనుంచి పైకి. కప్పు దించేటప్పుడు హేండిలు వదిలెయ్యకూడదు. కొన్ని పాతబండ్లలో గిర్రున తిరిగి చేతిని కొడుతుంది. ఒకరు నెమ్మదిగా దించుతుంటే, ఇంకొకరు చుట్టూ తిరిగి కేన్వాసును లోపలికి సర్దుతూ ఉండాలి. అంచున చిక్కుకుందంటే చిరుగు పడుతుంది.

కారుకి తగిలించడం మగవాళ్ళ పని అని మనం దూరంగా నిలబడకూడదు. ఒకరు మరిచింది ఇంకొకరికి కనిపిస్తుంది. కారు వెనక ఒక ఇనుపగుండు, నొగ చివర దానిమీద బోర్లించే గిన్నె ఉంటాయి. చిన్నబండ్లకి సాధారణంగా గుండ్లు రెండు సైజులు: 1-7/8 అంగుళాలది ఒకటి, 2 అంగుళాలది ఒకటి. ఆ కొలత గుండుమీదా, గిన్నెమీదా రాసే ఉంటుంది, రెండూ ఒకటే అయి ఉండాలి. పెద్దగిన్నె చిన్నగుండుమీద కూర్చున్నట్టే కనిపిస్తుంది, గతుకు వచ్చినప్పుడు ఊడిపోతుంది. బిగించాక జాకీతో నొగను కొంచెం పైకి లేపి చూడండి. కారు వెనకభాగం కూడా లేస్తే సరిగ్గా పట్టుకున్నట్టు. తరవాత రెండు గొలుసుల్నీ నొగకింద అడ్డంగా ఒకదాన్నొకటి దాటేలా తగిలించాలి. గిన్నె ఊడినా నొగ రోడ్డుమీద పడకుండా ఆ గొలుసులు ఉయ్యాలలాగా పట్టుకుంటాయి. చివరగా దీపాల తీగ తగిలించి, ఒకరు లోపల బ్రేకు తొక్కుతుంటే ఇంకొకరు వెనక నిలబడి ఎర్రదీపాలు చూడాలి.

సామాను సర్దడం మాత్రం మన చేతిలో పనే. బండి మొత్తం బరువులో పదోవంతునుంచి ఏడోవంతు దాకా నొగమీద పడాలి. 2000 పౌన్ల బండి అయితే సుమారు 200 నుంచి 300 పౌన్లన్నమాట. బియ్యం, నీళ్ళడబ్బాలు, పెట్టెలు వెనక సర్దితే నొగ తేలికై, రోడ్డుమీద బండి పాము తోకలాగా అటూ ఇటూ ఊగుతుంది. అలా ఊగితే గట్టిగా బ్రేకు తొక్కకూడదు. స్టీరింగు నిటారుగా పట్టుకుని, కాలు తీసి వేగం తగ్గనివ్వాలి. బరువులన్నీ ఇరుసుమీద, కాస్త ముందుకి సర్దడం మంచిది. మోసే బరువుకి హద్దు బండిమీద రేకుపలకలో రాసి ఉంటుంది. నీళ్ళటేంకు ఇంటిదగ్గరే నింపుకోనక్కరలేదు. అక్కడి గాలను నీళ్ళు 3 కిలోల 800 గ్రాములు తూగుతాయి. ఇరవై గాలన్లంటే ఒక పెద్దమనిషి బరువు!

వెనక్కి తిప్పడం దగ్గర అన్యోన్య దంపతులు కూడా పోట్లాడుకుంటారు. స్టీరింగుని అడుగున పట్టుకుంటే, చెయ్యి ఎటు కదిపితే బండి వెనకభాగం అటే వెళుతుంది. మనం దారి చూపిస్తున్నప్పుడు అద్దంలో ఆయనకి కనిపించే చోటే నిలబడాలి. "నేను కనిపించకపోతే ఆగిపోవాలి" అని ముందే ఒప్పందం చేసుకోండి. కేకలకన్నా చేతిసైగలు మేలు.

ఇక వంట. కేన్వాసు గోడల మధ్య మన వంటకి రెండు చిక్కులున్నాయి. ఒకటి నిప్పు. పోపు చిటపటలాడి నూనె మండితే పక్కనే గుడ్డగోడ! అందుకని పోపు, వేపుడు ఏదైనా బయట బల్లమీద స్టవ్వు పెట్టుకునే చెయ్యాలి. రెండోది వాసన. ఇంగువపోపు వాసన కేన్వాసుకి పట్టిందంటే ఆ ఏడాదంతా వదలదు. పులిహోర, చపాతీలు, కందిపొడి, వేయించిన రవ్వ ఇంటిదగ్గరే సిద్ధం చేసుకుంటే సగం పని తీరుతుంది. గిన్నెలు కడిగిన నీళ్ళు చెట్టుమొదట్లో పారబొయ్యడం మన అలవాటు. అక్కడ అది తప్పు. బకెట్టులో పట్టి, అందుకు చూపించిన చోటే పొయ్యాలి.

గ్యాసు సంగతి మనకి కొత్త కాదు. మన ఇంటి సిలిండర్లో 14.2 కిలోలుంటే, ఆ బండి సిలిండర్లో చాలావరకు 20 పౌన్లు, అంటే సుమారు 9 కిలోలుంటుంది. సబ్బునీళ్ళ పరీక్ష అక్కడా పనికొస్తుంది. కీళ్ళమీద నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. బండి నడుస్తున్నంతసేపూ సిలిండరు కట్టేసి ఉంచాలి. గ్యాసు గాలికన్నా బరువు గనుక కారితే నేలను అంటుకుని నిలుస్తుంది. గ్యాసు అలారాన్ని నేలకి దగ్గరగా పెట్టేది అందుకే.

అన్నిటికన్నా జాగ్రత్తగా వినవలసింది ఇది. చలి వేస్తోందని వంటస్టవ్వు వెలిగించి వదిలెయ్యకండి. బొగ్గుల కుంపటి, అది ఆరిపోయినట్టు కనిపించినా సరే, లోపలికి తేవద్దు. వాటినుంచి కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్ళని నిద్రలోనే తీసుకుపోతుంది. గుడ్డగోడలే కదా, గాలి ఆడుతుందిలే అనుకోకూడదు. దీనికి వేరే అలారం ఉంటుంది. ప్రతి ప్రయాణానికి ముందు దాని బొత్తాం నొక్కి మోగుతోందో లేదో చూడండి. ఎంత చలైనా ఒక కిటికీ వేలెడంత తెరిచే పడుకోవాలి. లేకపోతే నలుగురి ఊపిరి తడికీ తెల్లవారేసరికి కేన్వాసు లోపలివైపు నీళ్ళోడుతుంది. దుప్పట్లు కేన్వాసుకి తగలకుండా చూడాలి. తడిసిన నూలు కేన్వాసుకి ఏది ఆనితే అక్కడ నీళ్ళు దిగుతాయి.

కరెంటుకీ హద్దుంది. చాలాచోట్ల ఇచ్చేది 30 ఆంపియర్లు. అక్కడి కరెంటు 120 వోల్టులే కనుక మొత్తం 3600 వాట్లు. 1500 వాట్ల హీటరు, 1500 వాట్ల కెటిలు, 700 వాట్ల రైసుకుక్కరు ఒకేసారి పెడితే హద్దు దాటినట్టే. ఒకదాని తరవాత ఒకటి పెట్టుకోవాలి.

ఆవకాయ జాడీ సంగతి కూడా చెప్పాలి. అడవుల్లో ఎలుగుబంట్లుంటాయి. వాటి ముక్కుకి కేన్వాసు అడ్డే కాదు. ఎల్లోస్టోన్ పార్కులో 'ఫిషింగ్ బ్రిడ్జ్' అనే చోట ట్రెయిలర్లు నిలిపే ఆవరణలోకి ఎలుగుబంట్ల భయంవల్ల గుడ్డగోడల బండ్లను రానివ్వరు. గట్టిగోడలవే రావాలి. తెలియక వెళితే గుమ్మందాకా వెళ్ళి తిరిగి రావలసి వస్తుంది. యోసెమిటీ పార్కులో తిండిపదార్థాలన్నీ అక్కడ ఇచ్చే ఇనుపబీరువాలో పెట్టి గొళ్ళెం వెయ్యాలి. వాళ్ళ లెక్కలో సబ్బు, టూత్‌పేస్టు, ముఖానికి రాసుకునే క్రీము కూడా తిండికిందే జమ, ఎందుకంటే వాసన ఉన్నవన్నీ ఎలుగుకి తిండే! మన ఆవకాయ, తలకి రాసుకునే కొబ్బరినూనె మొట్టమొదట వెళ్ళవలసింది ఆ బీరువాలోకే. పిల్లల దిండుకింద బిస్కెట్టు పొట్లం ఉండకూడదు.

ఇంటినుంచి కట్టెలు కూడా మోసుకెళ్ళకండి. 2002లో మిషిగన్‌లో బయటపడ్డ ఒక పచ్చపురుగు కట్టెలలో దాగి ఊళ్ళు దాటి, కోట్లకొద్దీ ఆష్ చెట్లను చంపింది. కట్టెలు వెళ్ళిన చోటే కొనుక్కోవాలి.

చివరిమాట, మూయడం గురించి. తిరిగి వచ్చేరోజున వాన పడితే ఏం చెయ్యాలి? తడిగానే మడవక తప్పదు. కానీ ఇంటికి రాగానే "అలిసిపోయాం, వచ్చే ఆదివారం చూద్దాం" అనుకోకూడదు. తడిసిన పట్టుచీరని మడతపెట్టి ట్రంకుపెట్టెలో వారం పెడతామా? ఆ రాత్రే కాకపోయినా మర్నాటికల్లా విప్పి పూర్తిగా ఆరబెట్టాలి. పరుపులు నిలబెట్టి, కుట్లదగ్గర చెయ్యి పెట్టి చూసి, పొడిగా ఉందనుకున్నాకే మూయాలి. బూజు చుక్క పడిందంటే వదలదు. పోనీ అని బ్లీచింగుతో రుద్దితే గుడ్డ బలం పోతుంది, బట్టల సబ్బుతో ఉతికితే నీళ్ళు దిగకుండా వేసిన పూత పోతుంది. మురికి పడితే మెత్తటి బ్రష్షుతో, ఒట్టి నీళ్ళతో తుడవడమే. చలికాలం రాకముందే గొట్టాల్లో నీళ్ళన్నీ వంపెయ్యాలి. లేకపోతే గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి. తినుబండారం ముక్క కూడా మిగల్చకుండా ఊడ్చి, కన్నాలు పూడ్చితే ఎలకలు చేరవు.

మా అమ్మాయి ఆ మడతబండిని అమ్మెయ్యలేదు. కుట్లు మానాక, పట్టపగలు, ఇంటిముందే మళ్ళీ విప్పడం నేర్చుకున్నాం. ఇప్పుడు నేను రాసిన అట్ట లోపల అలమరా తలుపుకి అంటించి ఉంది. విప్పేటప్పుడు ఒకరు పైకి చదువుతారు, ఇంకొకరు చేస్తారు. చేసినవాళ్ళు "అయింది" అంటేగాని రెండోది చదవకూడదని మా ఇంట్లో నియమం. చదివే ఉద్యోగం మా చిన్న మనవడిది. గడ్డంమీద మచ్చతో, తొమ్మిదో అంశం దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచి మరీ చదువుతాడు: "పిల్లలు అన్నిటికన్నా చివర!"

మీ పిల్లలు అక్కడ ఇలాంటి బండి కొన్నామని ఫోను చేస్తే, అభినందనలతోపాటు ఈ వరుస కూడా రాసి పంపండి. అమ్మ చేతిరాత ఎదురుగా ఉంటే తొందర దానంతటదే తగ్గుతుంది.